చీపురు గీతలు

(గ్రంథాలయ వారోత్సవాల సభలో, శ్రీలంకలో భారత శాంతి సేనలో పనిచేసిన ఒక విశ్రాంత హవల్దారు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అధ్యక్షులవారికి, పెద్దలకు, వెనక బెంచీల్లో కూర్చుని తలుపు వైపు చూస్తున్న పిల్లలకు నమస్కారం.

అధ్యక్షులవారు నన్ను వీరుడు అన్నారు, శాలువా కప్పారు. వారి అభిమానానికి కృతజ్ఞుణ్ని. కానీ మెట్లు ఎక్కుతుంటే ఒక అబ్బాయి నా చేతిలో చీటీ పెట్టి పారిపోయాడు. అందులో ఇలా ఉంది: "శ్రీలంకలో మనవాళ్లు నిజంగా యుద్ధం చేశారా? చేస్తే మా పుస్తకాల్లో ఎందుకు లేదు?" శాలువా కంటే ఈ చీటీ నాకు నచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా ఇదే ప్రశ్న రకరకాల గొంతుల్లో వింటున్నాను. కాగితం మీద రాసి ఇచ్చినవాడు మాత్రం ఇతనొక్కడే.

మొదటిసారి విన్నది మా ఊరి టీకొట్టులో. సెలవు మీద వచ్చాను. "శాంతి సేనకు తుపాకులెందుకురా, హోమం చేయడానికి వెళ్లారా?" అన్నాడొకాయన. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రెండో ఆయన మా ఊరివారే, 1971 యుద్ధంలో తూర్పు వైపు పోరాడినవారు. ఆయన నవ్వలేదు. "మేము పదమూడు రోజుల్లో ఒక దేశాన్ని గెలిచి ఇచ్చాం. మీరు ముప్పై రెండు నెలలు ఉండి ఏం తెచ్చారు?" అన్నారు. పెద్దవారు, నిజంగా పోరాడినవారు. ఏమని జవాబు చెప్పను? ఇక మూడోవాడు మా తమ్ముడి కొడుకు. నేను చెబుతున్నంతసేపూ ఫోనులో వెతికి, "పెదనాన్నా, నువ్వు చెప్పేదేదీ ఇందులో లేదు" అన్నాడు. వాడి తప్పు లేదు. నేను చెప్పేది అందులో ఉండదు.

అసలు సంగతి క్లుప్తంగా చెబుతాను, మిగతాది మీరు చదువుకోవచ్చు. 1987 జులై 29న కొలంబోలో మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే అక్కడి తమిళుల సమస్య తీర్చడానికి ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. మరుసటి రోజు గౌరవ వందనంలో నిలబడిన శ్రీలంక నావికుడొకడు మన ప్రధానిని తుపాకీ మడమతో కొట్టాడు. ఆ ఒప్పందం అక్కడ ఎంతమందికి గిట్టలేదో ఆ దెబ్బే చెప్పింది. మమ్మల్ని పంపింది ఆ ఒప్పందం అమలు చేయడానికే. ముందుగా వెళ్లింది 54వ పదాతి డివిజన్, అంటే మన సికింద్రాబాదులో ఉండే డివిజన్. నేను మద్రాస్ శాపర్స్‌లో పనిచేశాను. మా కేంద్రం బెంగళూరు. సైన్యంలో మమ్మల్ని తంబీలు, అంటే తమ్ముళ్లు, అంటారు. తెలుగువాడైనా, కన్నడిగుడైనా, మలయాళీ అయినా మా దగ్గర తంబీయే. శాపర్ల పని వంతెనలు కట్టడం, దారులు వేయడం, మందుపాతరలు ఏరివేయడం.

శ్రీలంక ఉత్తరాన, తమిళులుండే జాఫ్నా దగ్గర పలాలి విమానాశ్రయంలో దిగినప్పుడు జనం పూలదండలు వేశారు. "వాంగో తంబీ, వాంగో" అని పిలిచి కొబ్బరి బొండాలు ఇచ్చారు. మేము బెంగళూరులో నేర్చిన తమిళం వేరు, వాళ్ల జాఫ్నా తమిళం వేరు. మా మాట వింటే వాళ్లకు నవ్వు. ఆగస్టు 5న పులులు, అంటే ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్న ఎల్టీటీఈ వాళ్లు, కొన్ని ఆయుధాలు అప్పగించారు. మేము ఇళ్ల చుట్టూ పాత మైన్లు తీసి, తిరిగి వచ్చేవాళ్లకు దారి చేస్తూ ఉన్నాము. అంతా సవ్యంగా ఉందనుకున్నాం. సెప్టెంబరులో పులుల నాయకుడు తిలీపన్ నల్లూరు గుడి దగ్గర నిరాహార దీక్ష చేసి 26న చనిపోయాడు. అక్టోబరు 5న శ్రీలంక వాళ్లు పట్టుకున్న పులుల్లో పన్నెండు మంది పలాలిలోనే సైనైడ్ మింగి ప్రాణాలు వదిలారు. ఆ తర్వాత దండలు వేసిన వీధుల్లో తలుపులు మూసుకున్నాయి.

ఆ అక్టోబరులోనే ఇక్కడ క్రికెట్ ప్రపంచ కప్పు జరుగుతోంది. 9వ తేదీన మద్రాసులో ఆస్ట్రేలియా చేతిలో మనం ఒక్క పరుగు తేడాతో ఓడాం. ఆ ఒక్క పరుగు గురించి ఇప్పటికీ మాట్లాడేవాళ్లు ఈ సభలో ఉంటారు. (నవ్వులు) ఆ మరుసటి రోజే జాఫ్నా మీదికి మా దాడి మొదలైంది. ఆపరేషన్ పవన్ అని దాని పేరు. 11వ తేదీ రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో హెలికాప్టర్లతో మనవాళ్లను దించారు. పారా కమాండోలతో పాటు 13వ సిఖ్ లైట్ ఇన్‌ఫెంట్రీ నుంచి ముప్పై మంది దిగారు. హెలికాప్టర్ల మీద కాల్పులు ఎంత తీవ్రంగా ఉన్నాయంటే, వాళ్ల వెనక రావలసినవారు రాలేకపోయారు. ముప్పై మందిలో ఇరవై తొమ్మిది మంది చనిపోయారు. ఒక్కడు పులుల చేతికి చిక్కి బతికాడు. ఆ రాత్రి నేను పలాలిలో ఉన్నాను. ఆ వైపు ఆకాశం ఎర్రబడుతూ ఆరుతూ ఉండటం చూశాను, అంతే. అక్కడ ఉన్నానని నేనెప్పుడూ చెప్పలేదు. కానీ ఎక్కడ మాట్లాడినా ఎవరో ఒకరు ఆ రాత్రి కథే చెప్పమంటారు. నా కథ చెబితే ముఖాలు వాడిపోతాయి.

పలాలి నుంచి జాఫ్నా పట్టణానికి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దూరం. సైకిలు మీద గంటన్నర ప్రయాణం. సైన్యానికి రెండు వారాలు పట్టింది. కారణం రోడ్డు. జాఫ్నాలో పొలాలు చిన్నవి, కంచెలు ఎక్కువ. తాటాకు కంచె, దాని వెనక అరటి తోట, దాని వెనక ఇల్లు, బావి, మళ్లీ కంచె. పులులు రోడ్డు కింద ప్లాస్టిక్ క్యాన్లలో పేలుడు మందు దట్టించి పెట్టేవారు. తారు పైనుంచి తవ్వితే అతుకు కనబడుతుంది కదా? అందుకని రోడ్డు పక్క నుంచి సొరంగంలా తవ్వి, మందు తారు కిందికి తోసి, మట్టి కప్పేసేవారు. శక్తిమాన్ లారీ లేచి ముక్కలై చెట్లకు వేలాడటం నేను చూశాను. బీఎంపీల వంటి కవచ వాహనాలనూ ఆ మందు వదల్లేదు.

డిటెక్టరు ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. అది ప్లాస్టిక్‌కు పలకదు. మేకుకు, సోడా మూతకు, పాత తూటా గుండుకు మాత్రం చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. ఆ నేల నిండా అవే. కాలికి పెట్టే జానీ మైన్లనైతే చెక్క డబ్బాల్లో చేసేవారు. అందుకని చివరికి ప్రాడర్ మీదే ఆధారపడ్డాం. ప్రాడర్ అంటే ఏమీ లేదు, పొడవాటి ఇనుప చువ్వ. బోర్లా పడుకుని నేలకు ముప్పై డిగ్రీల వాలుగా గుచ్చుతూ పోవాలి. నిలువుగా గుచ్చితే మైను నెత్తిన పొడిచినట్టే.

పొద్దున్నే రోడ్డు తెరవడం మా పని. రెండు పక్కల తోటల్లోంచి పదాతి దళం నడుస్తుంది, రోడ్డు మీద మేము. మందును వెతకడం కంటే దాన్ని పేల్చే వైరును వెతకడం తేలిక. ఆ వైరు వందా రెండు వందల మీటర్ల దూరం పోతుంది. దాని చివర టార్చిలైటు సెల్లులు పట్టుకుని ఒక కుర్రవాడు కూర్చుని ఉంటాడు. మీసాలు కూడా సరిగా రాని పిల్లవాడు కావచ్చు. వాడు మమ్మల్ని చూస్తూ ఉంటాడు. మేము పదిమందిమి పోతే వాడికి గిట్టుబాటు కాదు, వెనక వచ్చే కాన్వాయ్ కావాలి. అందుకే రోడ్డు తెరిచేవాళ్లం బతికాం. ఇది నా ధైర్యం వల్ల కాదు, వాడి లెక్క వల్ల.

మీరు అడగక ముందే చెబుతాను, చాలామంది అడుగుతారు కాబట్టి. ఎంతమందిని చంపారు? రాత్రి కాపలాలో చీకట్లోకి, చప్పుడు వచ్చిన వైపు కాల్చాను. పొద్దున వెళ్లి చూస్తే ఒక ఆవు. దాని యజమాని తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ముప్పై రెండు నెలల్లో నా చేతుల మీదుగా పోయిందని నేను ఖచ్చితంగా చెప్పగలిగింది ఆ ఆవొక్కటే.

ఇప్పుడు ఎవరూ నమ్మని సంగతి చెబుతాను. 1988 ఫిబ్రవరి. ఉరుంపిరాయ్ దాటాక రోడ్డు పక్కనే ఒక పెంకుటిల్లు. అందులో ఒక ముసలమ్మ. ఆగస్టులో మేము దిగిన కొత్తలో ఆమె బావి నీళ్లు తాగాం. అక్టోబరు తర్వాత ఆమె మాతో మాట్లాడలేదు, మేమూ అడగలేదు. అక్కడివాళ్లకు ఒక అలవాటు ఉంది. మన పల్లెల్లో లేచీ లేవగానే వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లుతారు కదా, వాళ్లూ ఈనెల చీపురుతో వాకిలి మొత్తం ఊడుస్తారు. ఆ ఎర్రమట్టిలో గీతలు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పడతాయి. మా ఊళ్లో మా అమ్మ ఊడ్చినా అలాగే పడేవి. రోజూ ఆ ఇంటి ముందు నుంచి పోతూ ఆ గీతలు చూసేవాణ్ని. అవి గేటు దగ్గర ఆగిపోయేవి. గేటు దాటితే సర్కారు రోడ్డు, దాన్ని ఎవరు ఊడుస్తారు?

ఆ రోజు గీతలు గేటు దాటాయి. పదిహేను అడుగుల మేర, తారు అంచు వరకూ, అంతే శ్రద్ధగా.

నేను చెయ్యెత్తి అందరినీ ఆపాను. మా పక్కన నడుస్తున్న పదాతి దళం నాయక్ పంజాబు వైపు వాడు. ఏమిటన్నాడు. చెబితే అర్థం కాదని పడుకుని ప్రాడర్ గుచ్చాను. మట్టి దూదిలా దిగింది. రెండో గుచ్చుకు తగిలింది. రెండు నీలం క్యాన్లు. వైరు ఆమె కంచె కింద నుంచి అరటి తోటలోకి, బావి వెనకగా మరో తోటలోకి పోయింది. మనవాళ్లు దాని చివర చేరేసరికి సెల్లులు ఉన్నాయి, తిని పారేసిన అరటి తొక్కలు ఉన్నాయి, మనిషి లేడు.

అక్కడికక్కడే పేల్చేశాం. ఆమె ఇంటి పెంకులు సగం రాలిపోయాయి. ఎదురుగా చెట్టు కింద నిలబడి చూస్తోంది. కెప్టెన్ గారు వచ్చి, ఎలా కనిపెట్టావన్నారు. మన్ను మెత్తగా అనిపించింది సార్ అన్నాను. చీపురు మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆమెను విచారణకు తీసుకుపోతారు. అప్పుడు తమిళం వచ్చినవాణ్ని కాబట్టి ప్రశ్నలు నన్నే అడగమంటారు. ఆ పని నాకు వద్దనిపించింది. ఇది నేరమే. పై అధికారికి పూర్తి సమాచారం ఇవ్వకపోవడం సైన్యంలో చిన్న విషయం కాదు. ఇన్నేళ్ల తర్వాత ఒప్పుకుంటున్నాను.

ఆమె అలా ఎందుకు ఊడ్చింది? రాత్రి తవ్వినవాళ్లు తెల్లవారాక తవ్వకం గుర్తులు చెరిపేయమని చెప్పి ఉంటారు. కాదంటే ఊరుకోరు. ఊడ్చింది. సరే, దాచడానికే ఊడిస్తే కొమ్మతో నాలుగుసార్లు ఇటూ అటూ లాగి పోవచ్చు. వాకిలి ఊడ్చినంత పొందికగా గీతలు ఎందుకు పెట్టింది? వాటిని రోజూ చూస్తూ పోయే తంబీ ఒకడున్నాడని ఆమెకు తెలుసా? లేక చేతికి ఉన్న అలవాటు కొద్దీ అలా పడ్డాయా? ఈ మాట ఎక్కడ చెప్పినా నవ్వుతారు. చీపురు గీతలు చూసి మందుపాతర పట్టావా అంటారు. ఒకాయనైతే సినిమాకు బాగుంటుంది, ఆ ముసలమ్మ చివర్లో నిన్ను కొడుకా అని పిలిచినట్టు పెట్టు అన్నాడు. పిలవలేదండీ. మరుసటి రోజు గీతలు మళ్లీ గేటు దగ్గరే ఆగాయి. ఆమె నా వైపు చూడను కూడా లేదు.

ఇందులో గొప్ప ఏముందని మీకు అనిపించవచ్చు. అందుకని రెండోది కూడా చెప్పాలి. ఇది చెప్పాలని లేదు కానీ మొదటిది చెప్పి ఇది దాచితే నేను అబద్ధమాడినట్టే.

ఆ తర్వాత రెండు నెలలకు, మరో రోడ్డు మీద. అక్కడ ఉల్లి పొలాలు ఎక్కువ. జాఫ్నా రైతులు బావుల నుంచి పంపులతో నీళ్లు తోడి గొట్టాలతో మడులకు పెడతారు. ఆ పొద్దున ఒక పొలంలో గట్టు మీదుగా రోడ్డు వైపు రబ్బరు గొట్టం పరిచి ఉంది. చూశాను. ఉల్లికి తడి పెడుతున్నారు అనుకున్నాను. రైతు బిడ్డను కదా, గొట్టం చూస్తే నీళ్లే గుర్తొస్తాయి. కల్వర్టు కింద చూశాం, ఏమీ లేదు. వైర్‌లెస్ సెట్లో "రోడ్డు క్లియర్" అని చెప్పింది నా నోరే. నలభై నిమిషాలకు కాన్వాయ్ వచ్చింది. మొదటి రెండు బండ్లు పోయాయి. మూడోది వన్ టన్ లారీ. ఏడుగురున్నారు అందులో.

(కొద్దిసేపు మౌనం)

నలుగురు పోయారు. అందులో ఒకడు ఆ పొద్దున లంగర్, అంటే మా వంటశాల, దగ్గర నా నుంచి ఇన్‌ల్యాండ్ లెటరు అప్పు తీసుకున్నాడు. వైరును గొట్టం లోపల నుంచి లాగారని మధ్యాహ్నం తెలిసింది. గొట్టాన్ని చేత్తో ఒకసారి ఎత్తి చూసి ఉంటే బరువు తెలిసేది. నీళ్లున్న గొట్టం ఒక బరువు, ఉత్త గొట్టం మరో బరువు. నాకది చిన్నప్పటి నుంచీ తెలుసు. నా మీద విచారణ ఏమీ జరగలేదు. అలాంటివి రోజూ ఎక్కడో ఒకచోట జరుగుతున్నాయి.

1971 పెద్దాయనకు ఈ రెండో సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు ఊరుకుని, మా అమ్మాయిని పిలిచి నాకు టీ పెట్టమన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ ఏం తెచ్చారని అడగలేదు.

ఇక నా మీద పడిన అనుమానాల్లో అన్నిటికంటే బరువైనది చెన్నైలో ఎదురైంది. పాత శాపర్ల కలయికకు వెళ్లాను. అక్కడ ఒకాయన పరిచయమయ్యాడు, జాఫ్నా నుంచి శరణార్థిగా వచ్చి స్థిరపడినవాడు. నా చీపురు కథ అంతా విన్నాడు. నవ్వలేదు. "తంబీ, మీరు రోడ్లు తెరిచామంటున్నారు. ఆ రోడ్ల మీద మా ఇళ్లకు ఎవరు వచ్చారు?" అన్నాడు. 1987 అక్టోబరు 21, దీపావళి రోజు. జాఫ్నా ఆసుపత్రిలో రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి అరవై మందికి పైగా చనిపోయారు. ఎదురుకాల్పుల్లో పోయారని మా వైపు చెప్పారు. ప్రాణాలతో బయటపడిన ఆసుపత్రి వాళ్లు అలా చెప్పరు. నేను ఆ ఆసుపత్రిలో లేను. విశ్వవిద్యాలయం మైదానంలో లేనని ఎంత సులువుగా చెప్పానో, ఆయన ముందు ఈ మాట అంత సులువుగా రాలేదు. మా రక్తం గురించి మాట్లాడే సభలో వాళ్ల రక్తం గురించి ఎందుకు అని కొందరు మిత్రులు అంటారు. చీటీ రాసిన అబ్బాయి పుస్తకాల్లో ఎందుకు లేదని అడిగాడు కదా? రాస్తే రెండూ రాయాలి. ఆ ఇబ్బంది కూడా ఒక కారణమని నా అనుమానం.

మరో కారణం తేలికైనదే. ఆ యుద్ధానికి సొంతదారులు ఎవరూ మిగల్లేదు. పిలిచిన దేశంలో ప్రేమదాస అధ్యక్షుడై మమ్మల్ని పొమ్మన్నాడు, మా మీద పోరాడుతున్న పులులకే ఆయుధాలు ఇచ్చాడు. పంపిన దేశంలో ప్రభుత్వం మారింది. 1990 మార్చి 24న చివరి దళం ట్రింకోమలి వదిలింది. దాదాపు 1,200 మందిని అక్కడ పోగొట్టుకున్నాం. మద్రాసు రేవులో స్వాగతం చెప్పడానికి అక్కడి ముఖ్యమంత్రి రాలేదు. తమిళుల మీద కాల్పులు జరిపిన సైన్యానికి దండ ఎలా వేయనన్నది ఆయన వాదన. దాదాపు పద్నాలుగు నెలలకు, 1991 మే 21న, శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీని చంపారు. మా ఊరి టీకొట్టులో ప్రశ్న ఆ వారమే మారిపోయింది. అంతకు ముందు "తమిళుల మీదికి ఎందుకు వెళ్లారు?" అనేవాళ్లు. తర్వాత "అప్పుడే వాళ్ల సంగతి తేల్చకుండా ఎందుకు వచ్చారు?" అన్నారు. అడిగింది అదే మనుషులు, టీకొట్టూ అదే.

చనిపోయిన మనవాళ్ల పేర్లతో శ్రీలంక వాళ్లు తమ పార్లమెంటుకు దగ్గరలో స్మారకం కట్టారు, అది 2008లో పూర్తయింది. మన ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం 2019లో వచ్చింది. ఆ గోడల మీద ఆపరేషన్ పవన్ పేర్లు ఉన్నాయి. వన్ టన్‌లో పోయిన నలుగురినీ వెతుక్కున్నాను. ఎండకు రాయి కాలుతోంది. మా కోడలు ఫొటో తీస్తానంటే వద్దన్నాను.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

(ఒక ఉపాధ్యాయుడు: "హవల్దారు గారూ, మీరు చెప్పినదానికి ఆధారం ఏమిటి? తప్పుగా అనుకోవద్దు.")

తప్పెందుకు అనుకుంటాను మాస్టారూ, అడగవలసిన ప్రశ్నే. నా సర్వీసు పుస్తకం ఉంది. ఏ తేదీన వెళ్లాను, ఏ తేదీన వచ్చాను అన్నవి అందులో ఉంటాయి. గొట్టం సంగతి ఉండదు. చీపురు సంగతి నేను చెప్పలేదు కాబట్టి ఏ రికార్డులోనూ ఉండదు. దానికి సాక్షి ఆమె ఒక్కతే. అప్పటికే డెబ్భై దాటి ఉంటాయి. నమ్మకపోతే నేను నొచ్చుకోను. మీ పిల్లలకు చెప్పేటప్పుడు, ఒకాయన ఇలా అన్నాడు, నిజమో కాదో తెలియదు అని చెప్పండి.

(వెనక నుంచి ఒక విద్యార్థి: "ఆమెను మళ్లీ చూశారా, సార్?")

చీటీ రాసింది నువ్వేనా? సరే, కూర్చో. మమ్మల్ని 1989లో వవునియా వైపు పంపారు. వెళ్లేది ఆ రోడ్డు మీదుగానే. ఆ రోజు రోడ్డు తెరిచింది వేరే వాళ్లు, నేను మొదటిసారి లారీ వెనక కూర్చుని ఆ దారిలో పోయాను. పెంకులు మళ్లీ కప్పించుకుంది, అంత వరకూ కనబడింది. గేటు దగ్గర గీతలు ఎక్కడ ఆగాయో చూద్దామని లేచి నిలబడ్డాను. ఆ రోడ్డు మీద బండ్లు నెమ్మదిగా నడపరు.